టౌన్‌హౌస్ కొని కొన్నాళ్ల తర్వాత అద్దెకిద్దామనుకుంటే, ముందు చదవాల్సింది సంఘం కాగితాలు

మీరు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇది. మీరిద్దరూ ఉద్యోగాలు చేస్తూ డాలస్ ఉత్తర శివార్లలో అపార్ట్‌మెంట్‌లో అద్దెకుంటున్నారు. 3 లక్షల 60 వేల డాలర్ల ధరలో రెండు టౌన్‌హౌస్‌లు, అంటే గోడలు కలిసిన వరుస ఇళ్లు, చూశారు. 5 శాతం డౌన్ పేమెంట్‌తో ఒకటి కొని, నాలుగేళ్లు కాపురముండి, పిల్లవాడు బడికి వెళ్లే వేళకు విడి ఇంటికి మారి, దీన్ని అద్దెకివ్వాలని మీ ఆలోచన. "వచ్చే అద్దెతోనే వాయిదా తీరిపోతుంది" అని మిత్రులు ధైర్యం చెబుతున్నారు. అది నిజమేనా, ఈ రెండింటిలో ఏది నయం అన్నది మీ ప్రశ్న.

2011లో మొదటి టౌన్‌హౌస్ కొన్నాను. ఆ తర్వాత ఇంకో రెండు కొన్నాను, ఒకటి అమ్మేశాను, రెండింటిని ఇప్పటికీ అద్దెకిస్తున్నాను. మీ ఆలోచన మంచిదే. కానీ అద్దె సంగతి ఇల్లు ఖాళీ చేసేటప్పుడు చూసుకుందామనుకుంటే మాత్రం దెబ్బతింటారు. ఆ ఇంటిని అద్దెకివ్వగలరా లేదా, ఇస్తే నిలబడుతుందా లేదా అన్నవి కొనుగోలు కాగితాల మీద మీరు సంతకం పెట్టే రోజుకే చాలావరకు తేలిపోయి ఉంటాయి.

నాకు ఈ సంగతి ఎలా తెలిసిందో చెబుతాను. మొదటి ఇల్లు కొన్నప్పుడు ఆ కాలనీ ఇంటి యజమానుల సంఘం నిబంధనల పుస్తకం, అంటే ఇక్కడ అందరూ సీసీ అండ్ ఆర్ అని పిలిచేది, నా చేతికి వచ్చింది. 80 పేజీలుంటుంది. కుక్కల గురించి, చెత్త డబ్బాల గురించి ఉన్న పేజీలు తిరగేసి పక్కన పెట్టాను. నాలుగేళ్ల తర్వాత విడి ఇల్లు కొని, ఇది అద్దెకిస్తానని సంఘం మేనేజరుకు ఈమెయిల్ పంపితే, ఒక పేరా అతికించి తిరుగు జవాబు ఇచ్చారు. మొత్తం 64 ఇళ్లలో 20 శాతానికి మించి అద్దెకు ఉండకూడదట. అంటే 12 ఇళ్లు. ఆ 12 అప్పటికే నిండిపోయాయి. నిరీక్షణ జాబితాలో నాది అయిదో పేరు. ఏడు నెలలు ఆ ఇల్లు ఖాళీగా ఉంది. ప్రతి నెల ఒకటో తేదీన రెండు ఇళ్లకూ వాయిదాలు కట్టాం. ఆ డబ్బు పోయిందన్న బాధ కంటే, ఆ పేరా మొదటి రోజు నుంచీ మా అలమరలోనే ఉందన్న బాధ నన్ను ఎక్కువగా తినేసింది. అందుకే ఎవరు అడిగినా ముందు ఇదే చెబుతాను.

కాబట్టి ధర బేరం మొదలుపెట్టక ముందే సంఘం కాగితాలు తెప్పించుకోండి. టెక్సాస్‌లో రిసేల్ సర్టిఫికెట్, అంటే సంఘం నిబంధనలు, ఆర్థిక స్థితి తెలిపే పత్రం, అడగవచ్చు. కొనుగోలు ఒప్పందంలో ఆప్షన్ గడువు రాయించుకుంటే, ఆ రోజుల్లోపు ఏ కారణమూ చెప్పకుండా వెనక్కి తగ్గే హక్కు మీకు ఉంటుంది. ఆ గడువులో చాలామంది ఇంటి తనిఖీ ఒక్కటే చేయిస్తారు. కాగితాల తనిఖీ కూడా ఆ గడువులోనే పూర్తి చేయండి. అద్దె ఇళ్లకు పరిమితి ఉందా, ఉంటే ఇప్పుడు ఎన్ని నిండాయి? కొన్న తర్వాత ఇన్నేళ్లు సొంతంగా ఉండి తీరాలన్న షరతు ఉందా? లీజు కనీసం ఎన్ని నెలలుండాలి? ఈ నిబంధనలు మార్చడానికి ఎన్ని ఓట్లు కావాలి? ఈ నాలుగో ప్రశ్న ఎవరూ అడగరు. ఈరోజు పరిమితి లేని సంఘం రేపు ఓటు పెట్టి పరిమితి తేవచ్చు. అందుకే గత రెండేళ్ల సమావేశాల మినిట్స్ అడిగి తీసుకుని చదవండి. "అద్దె ఇళ్లు ఎక్కువైపోతున్నాయి" అన్న ఫిర్యాదు రెండు మూడుసార్లు కనిపిస్తే, రాబోయేది ఏమిటో మీకే అర్థమవుతుంది.

అవే మినిట్స్‌లో డబ్బు సంగతీ బయటపడుతుంది. సంఘం దగ్గర రిజర్వ్ నిధి ఎంత ఉంది, కప్పులు ఎప్పుడు మార్చారు, రోడ్లు ఎప్పుడు వేశారు, బకాయిపడ్డ ఇళ్లు ఎన్ని అన్నవి చూడండి. డాలస్ చుట్టుపక్కల వడగళ్ల వాన మామూలే. సంఘం తీసుకున్న ఉమ్మడి బీమాలో డిడక్టిబుల్, అంటే బీమా కంపెనీ ఇవ్వక ముందు మనమే భరించాల్సిన భాగం, చాలాసార్లు భవనం విలువలో శాతంగా ఉంటుంది. ఒక వేసవిలో మా కాలనీలో కప్పులన్నీ దెబ్బతింటే, బీమా ఇచ్చింది పోగా మిగిలినదాన్ని ఇంటికి 4,200 డాలర్ల చొప్పున ప్రత్యేక వసూలు వేశారు. 60 రోజుల్లో కట్టాలన్నారు. అప్పుడు ఆ ఇంట్లో ఉన్నది అద్దెదారు. ఆ వసూలును వాళ్ల మీద వేయలేం, వేయకూడదు. అంతకు ముందు రెండేళ్లలో నెలనెలా మిగిలింది ఆ ఒక్క ఉత్తరంతో తుడిచిపెట్టుకుపోయింది.

ఇక్కడే మీరు చూసిన రెండు ఇళ్లకు తేడా ఉంది. మొదటిదానికి సంఘం చందా 180 డాలర్లు, రెండోదానికి 260 అని, అందుకే మొదటిది చవక అని రాశారు. టౌన్‌హౌస్ అన్నది చూపుకు ఒకేలా ఉన్నా చట్టం దృష్టిలో రెండు రకాలు. కొన్నింటిలో నేల, గోడలు, కప్పు అన్నీ మీవే. కొన్ని చట్టరీత్యా కాండోమినియాలు. అక్కడ లోపలి భాగమే మీది, కప్పూ బయటి గోడలూ సంఘానివి. మీరు తెప్పించుకున్న బీమా ధరలే ఆ తేడా చెబుతున్నాయి. మొదటి ఇంటికి నెలకు 230 డాలర్లు, రెండోదానికి 110. మొదటిదానిలో కప్పు బాధ్యత మీది కాబట్టి బీమా ఎక్కువ. చందా, బీమా కలిపితే మొదటిది 410, రెండోది 370. పైగా మొదటిదానికి కప్పు మార్చే ఖర్చు కోసం మీరే విడిగా కూడబెట్టుకోవాలి. చందా తక్కువగా ఉన్న ఇల్లు చవక ఇల్లు కాదు. ఆ చందాలో ఏమేమి వస్తాయో లెక్కవేసి చూడాలి. రెండోది కొంటే మీ బీమాలో సంఘం ప్రత్యేక వసూళ్లకు వర్తించే భాగాన్ని, లాస్ అసెస్‌మెంట్ అంటారు, తప్పక అడగండి. ఉమ్మడి బీమా డిడక్టిబుల్‌కు అందులో ఎంత ఇస్తారో కూడా అడగండి. చాలా పాలసీల్లో దానికి చిన్న పరిమితి ఉంటుంది.

ఇప్పుడు "అద్దెతో వాయిదా తీరిపోతుంది" అన్న మాట. లెక్క మీ అంకెలతోనే వేస్తాను. 5 శాతం అంటే 18 వేలు కడతారు, 3 లక్షల 42 వేలు అప్పు. 6.5 శాతం వడ్డీ, 30 ఏళ్లు అనుకుంటే అసలూ వడ్డీ కలిపి నెలకు 2,162 డాలర్లు. ఆస్తి పన్ను ఏడాదికి 2 శాతం చొప్పున నెలకు 600. రెండో ఇల్లయితే చందా, బీమా 370. 20 శాతం కంటే తక్కువ కట్టారు కనుక పీఎంఐ, అంటే రుణమిచ్చినవారి రక్షణ కోసం మీరు కట్టే బీమా, సుమారు 150. మొత్తం 3,282. ఆ వీధిలో అలాంటి ఇళ్లకు 2,500 అద్దె వస్తోందని మీరే రాశారు. నెలకు 782 డాలర్ల లోటు. దీనికి ఏడాదిలో ఒక నెల ఖాళీ, నెలకు ఓ 150 మరమ్మతులు కలపండి. లోటు 1,100 దాటుతుంది. అద్దె వ్యవహారాలు చూసే మేనేజరును పెట్టుకుంటే అద్దెలో సుమారు 8 నుంచి 10 శాతం వాళ్లకు ఇవ్వాలి. అది వేరు.

"అప్పులో అసలు తగ్గుతుంది కదా" అంటారు. తగ్గుతుంది, నెమ్మదిగా. మొదటి నెల వాయిదాలో 1,852 డాలర్లు వడ్డీకే పోతుంది, అసలు తగ్గేది 309. నాలుగేళ్లు క్రమం తప్పకుండా కట్టాక కూడా మీ అప్పు 3 లక్షల 25 వేలు ఉంటుంది. అంటే తగ్గింది సుమారు 17 వేలు. ఇల్లు అమ్మితే ఏజెంట్ల రుసుములకే అంతకంటే ఎక్కువ పోవచ్చు. అందుకే నాలుగేళ్లకు ఇల్లు మారేవాళ్లు అమ్మలేక, "సరే అద్దెకిద్దాం" అనుకుంటారు. అలా ఇవ్వడం వేరు, అద్దె కోసమే ఎంచుకుని కొనడం వేరు.

మరి కొనవద్దా? అలా అనడం లేదు. మొదటి నాలుగేళ్లూ మీరే ఉంటారు కనుక మీకు వచ్చే ప్రయోజనం కేవలం అద్దె లెక్కలో కనిపించదు. ఇప్పుడు కడుతున్న అపార్ట్‌మెంట్ అద్దె మిగులుతుంది. మీ వాయిదాలో అసలూ వడ్డీ భాగం 30 ఏళ్లూ కదలదు. చుట్టూ అద్దెలు పెరిగే కొద్దీ లోటు తగ్గుతుంది. నా మొదటి ఇల్లు అలాగే నిలబడింది. నేను కోరేది ఒక్కటే: నెలకు 800 నుంచి 1,100 డాలర్ల లోటు రెండు మూడేళ్లు భరించగలమా అన్నది మీరిద్దరూ ఈ రోజే కూర్చుని మాట్లాడుకోండి. భరించలేమనుకుంటే ఇంకా తక్కువ ధర ఇల్లు చూడండి, లేదా మరో ఏడాది ఆగి డౌన్ పేమెంట్ పెంచుకోండి.

ఆస్తి పన్ను గురించి ఒక ముక్క. మీరు నివసించినంత కాలం హోమ్‌స్టెడ్ మినహాయింపు, అంటే సొంత నివాసానికి ఇచ్చే పన్ను తగ్గింపు, ఉంటుంది. పన్ను వేసే విలువ ఏడాదికి 10 శాతానికి మించి పెరగకుండా రక్షణ కూడా ఉంటుంది. అద్దెకిచ్చాక ఆ రెండూ పోతాయి. అందుకే పైన లెక్కలో మినహాయింపు లేకుండానే 600 వేశాను. మీరు కాపురమున్న ఏళ్లలో వచ్చే చిన్న బిల్లును చూసి అద్దె లెక్క వేయకండి.

అప్పు విషయానికొస్తే, 3.5 శాతం కడితే చాలని ఎఫ్‌హెచ్‌ఏ రుణం, అంటే ప్రభుత్వ బీమా ఉన్న రుణం, వైపు కూడా చూస్తున్నట్టు రాశారు. మీ క్రెడిట్ స్కోరు బాగుంది కనుక మామూలు రుణమే మేలని నా అభిప్రాయం. ఎఫ్‌హెచ్‌ఏలో మొదటే రుణం మీద 1.75 శాతం బీమా కలుపుతారు. 10 శాతం కంటే తక్కువ కడితే ఏటా కట్టే బీమా ఆ రుణం ఉన్నంత కాలం పోదు. మామూలు రుణంలో పీఎంఐ పోతుంది. ఇల్లు కొన్నప్పటి విలువలో అప్పు 80 శాతానికి తగ్గితే తీసేయమని అడగవచ్చు. 78 శాతానికి చేరాక, వాయిదాలు సక్రమంగా ఉంటే, వాళ్లే తీసేయాలని 1998 నాటి సమాఖ్య చట్టం చెబుతోంది. మీ లెక్కలో వాయిదాలు మాత్రమే కడుతూ పోతే 80 శాతానికి చేరడానికి పదేళ్లు దాటుతుంది. ఇంటి విలువ పెరిగితే కొత్త అంచనా చేయించి ముందే అడగవచ్చు. ఆ పని ఇల్లు ఖాళీ చేయక ముందే చేయండి. అద్దె ఇంటికి ఆ షరతులు బిగుసుకుంటాయి.

సొంత నివాసమని తీసుకున్న రుణానికి వడ్డీ తక్కువ, డౌన్ పేమెంట్ తక్కువ. దానికి బదులుగా 60 రోజుల్లో చేరతామని, కనీసం ఏడాది ఉంటామని సంతకం పెడతారు. మీ ఆలోచన నాలుగేళ్లు కనుక ఇబ్బంది లేదు. "ఎవరు చూస్తారు, మొదటి నెల నుంచే అద్దెకివ్వండి" అని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. అది రుణ మోసం. వడ్డీ తగ్గినప్పుడు సొంత నివాసంగా రీఫైనాన్స్ చేసినా, అంటే పాత అప్పు తీర్చి కొత్తది తీసుకున్నా, ఆ నివాస షరతు మళ్లీ మొదటి నుంచి మొదలవుతుందని గుర్తుంచుకోండి.

తర్వాత కొనే విడి ఇంటి రుణం దగ్గర చాలామంది ఆగిపోతారు. బ్యాంకు మీ అద్దెను పూర్తిగా లెక్కలోకి తీసుకోదు, సాధారణంగా 75 శాతమే తీసుకుంటుంది. 2,500 అద్దెకు 1,875. వాయిదా, పన్ను, చందా అన్నీ కలిపి 3,282 కాబట్టి మిగతా 1,407 డాలర్లు మీ నెత్తిన ఉన్న అప్పుగా రాసుకుంటారు. మీరు కొనాలనుకున్న విడి ఇల్లు ఆ మేరకు చిన్నదైపోతుంది. దీనికి తోడు సంతకాలైన లీజు, డిపాజిట్ ముట్టిన రుజువు అడుగుతారు. కారు రుణాలు లేకుండా చూసుకోండి. మాకు ఆ ఏడాది ఒక కారు అప్పే అడ్డం పడింది.

ఆదాయపు పన్ను గురించి మీ మిత్రులు చెప్పిన "నష్టమొస్తే జీతం మీద పన్ను తగ్గుతుంది" అన్నది మీ విషయంలో దాదాపు నిజం కాదు. అద్దె నష్టాన్ని జీతంలోంచి ఏడాదికి 25 వేల డాలర్ల వరకు తీసేసుకునే వీలుంది. కానీ ఆదాయం లక్ష దాటితే అది తగ్గుతూ వచ్చి, లక్షా 50 వేలకు పూర్తిగా పోతుంది. ఇద్దరూ ఉద్యోగస్తులైతే ఆ గీత ఎప్పుడో దాటేసి ఉంటారు. నష్టం వృథా కాదు, రాబోయే సంవత్సరాలకు మోసుకెళ్లి తర్వాతి అద్దె లాభంలోనో, ఇల్లు అమ్మినప్పుడో వాడుకుంటారు. ఇల్లు పాతబడే కొద్దీ తగ్గే విలువను తరుగుదల పేరుతో ఏటా అద్దె ఆదాయంలోంచి ఖర్చుగా తీసేస్తారు. అది భవనానికే లెక్కిస్తారు, నేలకు కాదు. భవనం విలువ 3 లక్షలైతే 27.5 ఏళ్లకు పంచి ఏటా సుమారు 10,900. అమ్మినప్పుడు అన్నేళ్లలో రాసుకున్న తరుగుదల మొత్తం మీద 25 శాతం వరకు పన్ను పడుతుంది. మీరు తరుగుదల రాసుకోకపోయినా, రాసుకోవచ్చు కదా అని పన్ను శాఖ లెక్కిస్తుంది. కాబట్టి మొదటి ఏడాది నుంచే రాసుకోండి.

ఒక తేదీ మాత్రం గోడ మీద రాసి పెట్టుకోండి. అమ్మే రోజుకు ముందు అయిదేళ్లలో రెండేళ్లు ఆ ఇల్లు మీదై, మీరు అందులో నివసించి ఉంటే, దంపతులకు 5 లక్షల డాలర్ల వరకు లాభం మీద పన్ను ఉండదు. తరుగుదల భాగం మాత్రం మినహాయింపు కాదు. అంటే మీరు ఇల్లు ఖాళీ చేసిన రోజు నుంచి మూడేళ్లు. ఆ మూడేళ్లలో అద్దె ఇంటి యజమానిగా ఉండటం మీకు సరిపడిందా లేదా తేలిపోతుంది. సరిపడకపోతే మూడేళ్లు నిండే లోపే అమ్మకం పూర్తయ్యేలా చూసుకోండి. నేను అమ్మేసిన ఇల్లు అలా అమ్మిందే.

అద్దెదారుల గురించి ఒక మాట మనసు పెట్టి చెప్పాలి. మన వాట్సాప్ గ్రూపుల్లో "మన తెలుగువాళ్లకు మాత్రమే", "పిల్లలు లేనివారికి ప్రాధాన్యం" అని ఇంటి ప్రకటనలు చూస్తుంటాను. 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం ప్రకారం జాతి, రంగు, మతం, లింగం, మూలదేశం, పిల్లలున్న కుటుంబం, వైకల్యం ఆధారంగా ఇల్లు నిరాకరించకూడదు. అలాంటి ఇష్టాయిష్టాలు ప్రకటనలో రాయడం కూడా తప్పే. ఇది చట్టం సంగతి మాత్రమే కాదు. మనం ఈ దేశానికి వచ్చినప్పుడు మన పేరు చూసి ఇల్లు లేదన్నవాళ్లు మనకూ తారసపడ్డారు. ఆదాయం, క్రెడిట్, పాత యజమాని మాట, ఈ మూడింటికీ ఒక కొలమానం రాసి పెట్టుకుని అందరికీ అదే వర్తింపజేయండి. అద్దెదారు దిగక ముందు ప్రతి గదికీ తేదీతో ఫోటోలు తీయండి. టెక్సాస్‌లో వాళ్లు ఇల్లు ఖాళీ చేసి కొత్త చిరునామా రాతపూర్వకంగా ఇచ్చాక 30 రోజుల్లో డిపాజిట్ వెనక్కి ఇవ్వాలి, కోసుకుంటే దేనికెంతో రాసివ్వాలి. మీ ఇంటి బీమాను కూడా అద్దె ఇంటి బీమాగా మార్పించండి. మార్చకపోతే అగ్నిప్రమాదం జరిగిన రోజు పరిహారం రాకపోవచ్చు.

ఎప్పటికైనా స్వదేశం వెళ్లిపోయే ఆలోచన ఉందని కూడా అన్నారు. అప్పుడు, మీకు అమెరికా పౌరసత్వం గానీ గ్రీన్ కార్డు గానీ లేకపోతే, మీరు అమెరికా పన్ను లెక్కలో నాన్‌రెసిడెంట్లు అవుతారు. ఖర్చులు పోను మిగిలిన అద్దె మీదే పన్ను కడతామని ప్రత్యేకంగా ఎంపిక చేసుకోకపోతే, ఖర్చులు తీయకుండా మొత్తం అద్దె మీద 30 శాతం పన్ను పడుతుంది. ఇల్లు అమ్మితే సాధారణంగా అమ్మకం ధరలో 15 శాతం ముందే పట్టుకుంటారు, లెక్క దాఖలు చేశాక తిరిగి రావాలి. భారత్‌లో పూర్తిస్థాయి రెసిడెంట్ అయ్యాక అక్కడి రిటర్నులోనూ ఈ అద్దె చూపించాలి. బయలుదేరే ఏడాది ముందే రెండు దేశాల పన్నులూ తెలిసినవారితో కూర్చోండి.

ఇక ఏ ఇల్లు? మొదటిది మూడంతస్తులు, మధ్య ఇల్లు, కొత్తది. రెండోది రెండంతస్తులు, చివరి ఇల్లు, పాతది. అద్దెకిచ్చే కళ్లతో చూస్తే నాకు రెండోదే నచ్చింది. నా మూడంతస్తుల ఇల్లు చూపించిన రోజు ఒకటి ఇంకా గుర్తుంది. రెండేళ్ల బిడ్డను చంకనెత్తుకున్న తల్లి తలుపు లోపల నిలబడి మెట్ల వైపు తలెత్తి చూసింది. వెనకాల వాళ్ల అమ్మగారు మోకాలు పట్టుకుని నిలబడ్డారు. పైకి ఎక్కకుండానే థాంక్స్ చెప్పి వెళ్లిపోయారు. ఆ ఇల్లు నిండడానికి ప్రతిసారీ నెలన్నర పట్టేది. కింది అంతస్తులో ఒక పడక గది, స్నానాల గది ఉన్న రెండంతస్తుల ఇల్లు మాత్రం రెండు వారాలు ఖాళీగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. మధ్య ఇంట్లో ఇంకో చిక్కు ఉంది. బట్టలారబెట్టే యంత్రం గొట్టం చాలాసార్లు కప్పు దాకా వెళ్తుంది. అందులో దూది పేరుకుంటే మంటలు రేగే ప్రమాదం. అలాంటిది కొంటే ఏటా శుభ్రం చేయించాలి.

రెండో ఇంటికి కార్లు ఎన్ని పడతాయో, అతిథుల కార్లకు చోటుందో సాయంత్రం ఎనిమిది తర్వాత వెళ్లి స్వయంగా చూడండి. పగలు ఖాళీగా కనిపించే వీధి రాత్రికి నిండిపోతుంది. పాత ఇల్లు కనుక ఏసీ, వేడినీళ్ల ట్యాంకు వయసు తనిఖీ చేసేవారిని అడిగి రాయించుకోండి. సంఘం కాగితాల్లో అద్దె పరిమితి లేకపోయినా, ఉండి ఇంకా చోటు ఉన్నా, దాన్ని రాతపూర్వకంగా మేనేజరు నుంచి తీసుకుని ముందుకు వెళ్లండి. పరిమితి నిండి ఉంటే ఆప్షన్ గడువు ముగియక ముందే బయటికొచ్చేయండి. ఆప్షన్ రుసుము కొన్ని వందల డాలర్లు పోతుంది, ఫరవాలేదు. నేను కట్టిన ఏడు నెలల రెండు వాయిదాల ముందు అది చాలా చిన్న మొత్తం.